పాత ట్రాక్టర్ మార్చి లోడర్ బండి తీసుకుంటున్నారా? హెచ్‌పీ అడిగేముందు ఇవి చూడండి

పాత ట్రాక్టర్‌కి ఇంజిన్ పని పడిందంటే ఇంట్లో నడిచే మాట ఒకటే. దీని మీద ఇంకో లక్ష పోసే బదులు వేరేది తీసుకుందాం, ఎలాగూ తీసుకుంటున్నాం కదా, బండి ముక్కుకి లోడర్ (మట్టి, ఎరువు ఎత్తే బకెట్, దాన్ని మోసే ఇనుప చేతులు) కూడా పెట్టించుకుందాం. ఆలోచన మంచిదే. పెంట ఎత్తడానికి, మట్టి తోలడానికి కూలీలు దొరకని రోజుల్లో పది ఎకరాలు, నాలుగు గేదెలు ఉన్న ఇంటికి లోడర్ నిజంగా అక్కరకొస్తుంది. చిక్కల్లా షోరూంలో అడుగుపెట్టగానే మాట హెచ్‌పీ, అంటే ఇంజిన్ శక్తి, మీదికి పోవడమే. 45 అయితే ఇంత, 50 అయితే ఇంత, ఇదిగో పండగ ఆఫర్, ఇదిగో ఎక్స్‌ఛేంజ్ బోనస్ అంటారు. ముందు చక్రాల ఇరుసు ఎంత బరువు మోస్తుందో, లోడర్‌ని లేపే ఆయిల్ పంపు (హైడ్రాలిక్ పంపు) నిమిషానికి ఎన్ని లీటర్లు కొడుతుందో మీరు అడగరు, వాళ్లు చెప్పరు.

దుక్కికి, రోటావేటర్‌కి కొనే ట్రాక్టర్ వేరు, ముందు బరువు ఎత్తడానికి కొనే ట్రాక్టర్ వేరు. రెండో రకంలో హెచ్‌పీ నాలుగో ప్రశ్న. ముందు ఇరుసు, హైడ్రాలిక్ పంపు, వెనక వేసే బరువు, ఈ మూడూ తేలాకే దాని సంగతి. కాబట్టి ముందు పని లెక్క వేసుకుని, తర్వాత వీటి సంగతి చూద్దాం.

మొదట, లోడర్ ఎన్ని గంటలు తిరుగుతుందో కాగితం మీద రాయండి

ఏడాదిలో లోడర్‌తో చేయించే పనులన్నీ రాయండి. పశువుల ఎరువు కుప్ప నుంచి ట్రక్కులోకి (ట్రాలీలోకి) ఎత్తడం, వేసవిలో చెరువు మట్టి తోలడం, గట్లు సరిచేయడం, డొంక దారికి గ్రావెల్ పరచడం, కొట్టంలో పేడ తోయడం, గడ్డి మోపులు ఎత్తడం. ఒక్కోదాని పక్కన గంటలు వేయండి. ఇప్పుడు మీ ఊళ్లో జేసీబీ గంటకు ఎంత తీసుకుంటున్నారో దాంతో గుణించండి. ఏడాదికి ఇరవై ముప్పై గంటలు దాటడం లేదా? అయితే లోడర్ వద్దు, జేసీబీని పిలిపించుకోవడమే చవక. ఇది చదివి కొందరు నొచ్చుకుంటారని తెలుసు, కానీ ఏడాదిలో పదకొండు నెలలు కొట్టంలో ఓ మూల తుప్పు పట్టే లోడర్లు ప్రతి మండలంలోనూ కనిపిస్తాయి.

లోడర్‌కి అసలైన లాభం గంటల్లో కన్నా రోజుల్లో కనిపిస్తుంది. డెయిరీ ఉన్నవాళ్లకి రోజూ పావుగంట పని ఉంటుంది, ఆ పావుగంటకి జేసీబీ రాదు. చెరువు మట్టి సంగతీ అంతే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టి పొలాల్లోకి తోలుకోవడం బాగా పెరిగింది, కానీ చెరువు ఎండి ఉండేది కొన్ని వారాలే. ఆ వారాల్లో ఊరందరికీ ఒకే యంత్రం కావాలి. మీకు ఇలాంటి రోజువారీ పనో, వాయిదా వేయలేని పనో ఉంటే ముందుకు వెళ్లండి.

లోడర్ కొంటే జేసీబీ అక్కర్లేదనుకోవడం మాత్రం పొరపాటు. ట్రాక్టర్ లోడర్ కుప్పగా ఉన్నదాన్ని ఎత్తుతుంది, గట్టి నేలను తవ్వదు. చెరువులో గట్టిపడ్డ మట్టిని ముందు కల్టివేటర్‌తోనో నాగలితోనో వదులు చేసుకుని, ఆ తర్వాతే లోడర్‌తో ఎత్తాలి. బకెట్ పళ్లతో గట్టి నేలను పొడిస్తే లోడర్ చేతులు వంకరపోతాయి.

బకెట్ నిండితే ఎంత బరువు?

చేతి లెక్క చాలు. లోడర్ బకెట్ పక్కనుంచి చూస్తే దాదాపు త్రికోణంలా ఉంటుంది కాబట్టి వెడల్పు, లోతు, ఎత్తు గుణించి సగం చేస్తే సరిపోతుంది. 1.7 మీటర్ల వెడల్పు, 0.6 లోతు, 0.6 ఎత్తు ఉన్న బకెట్ సుమారు 0.3 ఘనపు మీటర్లు పడుతుంది.

అందులో ఊక పోస్తే నలభై కిలోలు కూడా రాదు. చివికిన ఎరువైతే 150 నుంచి 180 కిలోలు. పచ్చి పేడ 250 దాటుతుంది. తడి మట్టి ఘనపు మీటరు 1,600 నుంచి 1,900 కిలోల దాకా ఉంటుంది, అంటే అదే బకెట్ నిండా తడి నల్లమట్టి ఎత్తితే 500 కిలోలు పైమాటే, గుమ్మటంగా ఎత్తితే ఇంకా ఎక్కువ. ఎరువుకి సరిపోయే బకెట్ చెరువు మట్టికి చాలా పెద్దదవుతుంది. రెండు పనులూ ఉంటే బకెట్ సైజు మట్టిని చూసి తీసుకోండి.

లోడర్ అమ్మేవాళ్లు చెప్పే ఎత్తే బరువు దగ్గర కూడా జాగ్రత్త. ఆ అంకె బకెట్ చేతులకి తగిలే పిన్ను దగ్గర కొలిచిందా, బకెట్ మధ్యలో కొలిచిందా? నేల మీంచి కదిపినప్పటిదా, పూర్తి ఎత్తుకు లేపినప్పటిదా? నేల దగ్గర ఎప్పుడూ ఎక్కువే ఎత్తుతుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. మీకు కావాల్సింది ట్రక్కు ఎత్తులో, బకెట్ మధ్యలో, బకెట్ సొంత బరువు తీసేసి ఎంత అన్నది. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర ఆ అంకెను పక్కన పెట్టేయండి.

అసలు కథ ముందు ఇరుసుది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. 45 హెచ్‌పీ దరిదాపుల్లో ఉన్న మామూలు టూవీల్ డ్రైవ్ (వెనక చక్రాలు మాత్రమే లాగే) ట్రాక్టర్ బరువు రెండు టన్నులు అనుకుందాం. అందులో ముందు ఇరుసు మీద 750 కిలోలు, వెనక 1,250. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం రెండు మీటర్లు. దానికి 450 కిలోల లోడర్ బిగించారు, దాని బరువు మధ్యబిందువు ముందు ఇరుసుకి అర మీటరు ముందుంది. బకెట్లో 500 కిలోల మట్టి, అది ముందు ఇరుసుకి మీటరున్నర ముందుంది.

ట్రాక్టర్ ఇప్పుడు ముందు ఇరుసు ఆనిక మీద తక్కెడలా వాలుతుంది. మట్టి వల్ల వెనక చక్రాల మీద 375 కిలోలు తగ్గి, ముందు 875 పెరుగుతాయి. లోడర్ వల్ల వెనక ఇంకో 110 దాకా తగ్గి, ముందు 560 పెరుగుతాయి. మొత్తం కలిపితే ముందు ఇరుసు మీద దాదాపు 2,185 కిలోలు, వెనక 765. ఖాళీగా ఉన్నప్పుడు 750 మోసిన ఇరుసు ఇప్పుడు దానికి మూడు రెట్లు మోస్తోంది, అదీ నేల సమంగా ఉండి బండి ఆగి ఉన్నప్పుడు. గుంతలో పడితే ఆ దెబ్బ వేరే లెక్క. టూవీల్ డ్రైవ్ బండ్లకి లోడర్ పెట్టాక ముందు చక్రాల కీళ్లలో ఉండే హబ్బు బేరింగులు, కింగ్ పిన్నులు, బుష్షులు ఎందుకు త్వరగా అరిగిపోతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. వెనక చక్రాలు తేలికైపోయాయి కాబట్టి బ్రేకు కూడా సరిగా పట్టదు, ఎందుకంటే మన ట్రాక్టర్లలో బ్రేకులు ఉండేది వెనక చక్రాలకే.

ఇప్పుడు పనిముట్లు తగిలించే వెనక లిఫ్టుకి, వెనక ఇరుసు నుంచి 0.9 మీటర్ల వెనక, 400 కిలోల బరువు వేలాడదీయండి. ముందు ఇరుసు మీద 180 కిలోలు తగ్గి దాదాపు 2,005కి వస్తుంది, వెనక 580 పెరిగి 1,345 అవుతుంది. వెనక చక్రాలు మళ్లీ మొదటి బరువుకి వచ్చేశాయి, ముందు ఇరుసుకీ కొంచెం ఊపిరాడింది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. వెనక టైర్లలో నీళ్లు నింపినా, చక్రాలకు ఇనుప దిమ్మెలు బిగించినా వెనక బరువు పెరుగుతుంది, బండి ముందుకి ఒరగదు, అది నిజం. కానీ ఆ బరువు సరిగ్గా వెనక ఇరుసు గీత మీదే ఉంటుంది కాబట్టి ముందు ఇరుసు మోసేది ఒక్క కిలో కూడా తగ్గదు. ముందు ఇరుసుకి ఉపశమనం కావాలంటే బరువు వెనక ఇరుసుకి అవతల, లిఫ్టుకే వేలాడాలి. రెండూ చేస్తే ఇంకా మంచిది. 14.9-28 సైజు టైరులో వాల్వు పైకి తిప్పి ముప్పావు వంతు నింపితే సుమారు 200 లీటర్లు పడతాయి, అంటే రెండు టైర్లకీ కలిపి నాలుగు వందల కిలోలు నీళ్ల ఖర్చుతోనే వచ్చేస్తాయి. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కాబట్టి అందులో ఏ మందూ కలపక్కర్లేదు.

వెనక బరువుకి ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. పాత డ్రమ్ములో కాంక్రీటు పోసి, లిఫ్టు పిన్నులకి సరిపడే ఇనుప కడ్డీ, టాప్ లింక్‌కి (లిఫ్టు పై కడ్డీకి) కొక్కెం పెట్టించుకుంటే చాలు. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండా కాంక్రీటు పోస్తే 450 కిలోలు దాటుతుంది. రోటావేటర్ తగిలించుకుని లోడర్ పని చేసేవాళ్లూ ఉన్నారు, బరువుకి పనికొస్తుంది కానీ వెనక్కి తిరిగే ప్రతిసారీ అది గోడకో గట్టుకో తగులుతుంది.

మీరు చూస్తున్న మోడల్‌కి అసలు అంకెలు కావాలంటే మధ్యప్రదేశ్ బుధ్నీలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చే టెస్ట్ రిపోర్టు చూడండి. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఎంత, పీటీఓ (వెనక పనిముట్లని తిప్పే కడ్డీ) దగ్గర నిజంగా వచ్చే శక్తి ఎంత, హైడ్రాలిక్స్ ఎంత ఎత్తుతాయి అన్నీ కొలిచి రాస్తారు. బ్రోచర్‌లో రంగు బొమ్మలుంటాయి, రిపోర్టులో అంకెలుంటాయి. డీలర్‌ని అడిగితే ఇవ్వాలి.

టూవీలా, ఫోర్‌వీలా?

పై లెక్క చదివాక జవాబు మీకే తట్టి ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లకి మించి లోడర్ వాడేవాళ్లు నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ డ్రైవ్ తీసుకోండి. దాని ముందు ఇరుసు శక్తిని మోసేలా తయారైంది కాబట్టి బరువు కూడా ఎక్కువ మోస్తుంది, టైర్లు పెద్దవి, మెత్తటి నేలలో దిగబడవు. ఇంకో లాభం ఉంది. బకెట్ నిండాక బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది, టూవీల్‌లో ఆ చక్రాలు ఊరికే దొర్లుతాయి, లాగాల్సిన వెనక చక్రాలేమో తేలికై జారుతుంటాయి. కుప్పలోకి బకెట్ దూర్చేటప్పుడు ఈ తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. వరి దమ్ములో కూడా ఫోర్‌వీల్ పనికొస్తుంది, కాకపోతే దమ్ముకి దిగేముందు లోడర్ ఊడదీయాల్సిందే, లేకపోతే ముక్కు బురదలో కూరుకుపోతుంది.

ఫోర్‌వీల్‌తో రెండు జాగ్రత్తలు. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ గేరు తీసేసి నడపండి. ముందు టైర్లు మార్చేటప్పుడు దొరికిన సైజు వేయకండి, ముందు వెనక చక్రాల నిష్పత్తి తప్పితే టైర్లు, గేర్లు రెండూ అరిగిపోతాయి.

ఇక హెచ్‌పీ. పది పదిహేను ఎకరాలకి, ఐదారడుగుల రోటావేటర్‌కి, 0.3 ఘనపు మీటర్ల బకెట్‌కి 45 నుంచి 50 హెచ్‌పీ చాలు. 50 దాటితే ఇంకో సంగతి ఉంది. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వర్తిస్తున్నాయి, అందుకే వాటిలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది, ధర పెరిగింది, ఊళ్లో మెకానిక్ స్పానర్‌తో బాగుచేసే రోజులు వాటికి పోయాయి. డీజిల్ ఆదా ఉంది, శక్తి బాగుంది, కాదనను, కానీ చిన్న కమతానికి ఆ గీత దాటాల్సిన అవసరం నాకైతే కనిపించదు. కుబోటా ఎంయూ4501, జాన్ డీర్ 5050డి లాంటివి ఈ తరగతిలో ఫోర్‌వీల్‌లో దొరుకుతాయి. మిగతా కంపెనీలవీ ఉన్నాయి, మీకు పది పదిహేను కిలోమీటర్లలో సర్వీసు ఉన్నది ఏదో దాన్నే ముందు చూడండి.

ముప్పై హెచ్‌పీ లోపు చిన్న ఫోర్‌వీల్ బండ్లు తోటలకి బాగుంటాయి, వాటికీ లోడర్లు వస్తాయి. కానీ అవి ఎత్తేది రెండు మూడు వందల కిలోల దగ్గరే ఆగుతుంది. పేడకి సరే, మట్టికి కాదు.

పంపు, వాల్వు, స్టీరింగు

లోడర్ చేతులు లేపేది రెండు సిలిండర్లు. లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు, రాడ్డు పొడవు 600 అనుకుంటే రెండూ కలిపి నిండడానికి మూడున్నర లీటర్ల దాకా ఆయిల్ కావాలి. నిమిషానికి 30 లీటర్లు కొట్టే పంపు అయితే ఏడు సెకన్లలో బకెట్ పైకి వెళ్తుంది, 20 లీటర్లదైతే పది సెకన్లు పడుతుంది. రోజుకి వంద బకెట్లు ఎత్తేవాడికి ఇది చిన్న తేడా కాదు. ఇంజిన్ వేగం తగ్గితే పంపు కూడా తగ్గుతుంది కాబట్టి షోరూంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూపించే డెమోని నమ్మకుండా, మీరు పని చేసే 1,400, 1,500 ఆర్పీఎం దగ్గర చూడండి.

లోడర్‌కి ఆయిల్ ఎక్కడినుంచి వస్తుంది? ట్రాక్టర్ సొంత హైడ్రాలిక్స్ నుంచి తీసుకునేవి ఒక రకం, ఇంజిన్ ముందు పుల్లీకి వేరే పంపు, వేరే ట్యాంకు పెట్టేవి ఇంకో రకం. మొదటిది చవక, కానీ గేరుబాక్సు ఆయిలే లోడర్‌లోనూ తిరుగుతుంది, లోడర్ హోస్ పగిలి దుమ్ము లోపలికి పోతే ఆ మురికి గేర్ల దాకా వెళ్తుంది. వేరే పంపు పెట్టినదాంట్లో ఆ భయం లేదు, ఖర్చు ఎక్కువ, ముందు బంపర్ దగ్గర చోటు పోతుంది. రోజువారీ పని ఉన్నవాళ్లకి నేను రెండోదే చెప్తాను.

పవర్ స్టీరింగ్ లేని బండికి లోడర్ గురించి ఆలోచించనే వద్దు. స్టీరింగ్‌కి సొంత పంపు ఉందో లేదో కూడా అడగండి. ఒకే పంపు రెండు పనులూ చేస్తుంటే బకెట్ లేపుతూ తిప్పేటప్పుడు స్టీరింగు గట్టిపడుతుంది.

కంట్రోల్ లివర్‌కి ఫ్లోట్ స్థానం ఉండాలి. అందులో పెడితే బకెట్ తన బరువుతో తాను నేల మీద ఆనుకుని ఎత్తుపల్లాలకి తగ్గట్టు తేలుతూ పోతుంది. కొట్టంలో గచ్చు మీద పేడ తోసేవాళ్లకి ఇది లేకపోతే బకెట్ అంచు గచ్చుని చెక్కేస్తుంది.

క్లచ్, గేర్లు

లోడర్ పనంటే ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి. గంటలో నూట యాభై సార్లు క్లచ్ తొక్కుతారు. అందుకే ముందు వెనక గేర్లు ఒకే లివర్‌తో మారే శటిల్ ఉంటే చాలా సుఖం, అందులోనూ సింక్రో శటిల్ అయితే బండి పూర్తిగా ఆగకముందే కరకరలాడకుండా పడుతుంది. వెనక గేరు వేగం చూడండి. కొన్ని బండ్లలో రివర్స్ ఒకటే ఉంటుంది, అది మరీ నెమ్మది. ఆయిల్‌లో మునిగే బ్రేకులు ఈ రోజుల్లో దాదాపు అన్నిటికీ వస్తున్నాయి, పాత బండి కొంటుంటే మాత్రం అడగండి.

లోడర్ ఎలాంటిది?

టేపు తీసుకుని మీ ట్రక్కు దగ్గరికి వెళ్లండి. నేల నుంచి ట్రక్కు పక్క పలకల పై అంచు దాకా కొలవండి. ఐదడుగులు వచ్చిందనుకుందాం, దానికి ఒకటిన్నర అడుగు కలపండి, ఎందుకంటే కుప్ప పెరిగేకొద్దీ బకెట్ పైనే ఉండాలి. వచ్చిన ఆరున్నర అడుగులు బకెట్ పిన్ను ఎత్తు అనుకుంటారు చాలామంది, కాదు, బకెట్ పూర్తిగా వంచాక దాని కింది అంచు ఉండాల్సిన ఎత్తు. వంచినప్పుడు ఆ అంచు పిన్ను కన్నా అడుగున్నర నుంచి రెండడుగులు కిందికి వస్తుంది. కాబట్టి పిన్ను ఎత్తు ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులుండాలి.

బకెట్ వెడల్పు మీ టైర్ల బయటి అంచుల కన్నా కనీసం వేలెడు ఎక్కువుండాలి. తక్కువైతే బకెట్ వదిలేసిన కుప్ప అంచుల మీదికి చక్రాలు ఎక్కుతాయి, బండి ఒరుగుతుంది.

ఇప్పుడు ఫ్రేము. చవక లోడర్లలో ఎక్కువగా మోసం జరిగేది ఇక్కడే. ముందు బంపర్‌కీ క్లచ్ హౌసింగ్‌కీ (క్లచ్ చుట్టూ ఉండే పోత ఇనుప పెట్టెకీ) మాత్రమే బోల్టులు బిగించి వదిలేస్తారు. లోడర్ తోసే బలమంతా ఆ పోత ఇనుము మీద పడి, ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ మధ్య బండి నడుం విరుగుతుంది. ఫ్రేము నుంచి పొడవాటి ఇనుప దూలాలు వెనక ఇరుసు గొట్టాల దాకా వెళ్లి అక్కడ బిగించి ఉండాలి. బండి కింద పడుకుని చూస్తే అరనిమిషంలో తెలిసిపోతుంది, బట్టలు మాసినా సరే చూడండి.

లోడర్ ఊడదీయడానికి ఎంతసేపు పడుతుందో మీ కళ్లముందు చేయించండి. సొంత కాళ్ల మీద నిలబడే స్టాండు, రెండు పిన్నులు, త్వరగా ఊడే హోస్ కప్లింగులు ఉంటే ఒక్కడే పదిహేను నిమిషాల్లో తీసేస్తాడు. క్రేనో నలుగురు మనుషులో కావాలంటే మీరు దాన్ని ఎప్పటికీ ఊడదీయరు.

ట్రాక్టర్ కంపెనీ ఆమోదించిన లోడరేనా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించినవి కొన్ని గట్టిగానే ఉంటాయి, కానీ రేపు ముందు ఇరుసు పోతే వారంటీ దగ్గర గొడవ ఖాయం.

సెకండ్ హ్యాండ్ అయితే

వాడిన లోడర్ బండి కొనేటప్పుడు రంగు, సీటు, మీటరులో గంటలు చూడటం వృథా. మీటరు మార్చేయొచ్చు. క్లచ్ పెడలు మీది గీతలు, లివర్ పిడి అరుగుదల, పిన్నుల దగ్గర సందు, వీటిని దాచడం అంత తేలిక కాదు.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికే బానెట్ వేడిగా ఉంటే ఎందుకు ముందే తిప్పారో అడగండి. స్టార్టయ్యాక ఆయిల్ మూత తీసి చూడండి, పొగ బుసలు కొడుతూ వస్తుంటే ఇంజిన్ పిస్టన్ రింగులు అయిపోయాయి.

బకెట్ నేలకి ఆనించి, కిందికి నొక్కితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ఇరుసు కింద గట్టి దుంగ పెట్టి, దాని మీదికి దించి, ఇంజిన్ ఆపాక చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే హబ్బు బేరింగో కింగ్ పిన్నో. పక్కలు పట్టుకుని ఊపితే కదిలేది స్టీరింగ్ రాడ్ల చివర్లు. ఫోర్‌వీల్ అయితే హబ్బుల చుట్టూ ఆయిల్ తడి, దానికి అంటుకున్న దుమ్ము ఉందేమో చూడండి.

తర్వాత చేతులు. ప్రతి పిన్ను దగ్గరా ఒకరు బకెట్ కొంచెం లేపుతూ దించుతుంటే ఇంకొకరు దూరంగా నిలబడి చూడాలి, పిన్నుకీ రంధ్రానికీ మధ్య సందు కళ్లకే కనిపిస్తుంది. బుష్షు మార్చొచ్చు, కానీ రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తే మళ్లీ వెల్డింగు, బోరింగు. రెండు చేతులనీ కలిపే అడ్డగొట్టం వాటికి అతికే మూలల్లో కొత్త రంగు పూసి ఉంటే దాని కింద పగులు ఉందని అనుమానించండి. క్లచ్ హౌసింగ్ బోల్టుల చుట్టూ టార్చి వేసి వెంట్రుకంత గీతలకోసం వెతకండి, ఆయిల్ చెమ్మ ఉంటే అసలు ముట్టుకోకండి.

సిలిండర్ పరీక్ష తప్పనిసరి. బకెట్ నిండా మట్టి ఎత్తి నడుము ఎత్తులో ఆపి, ఇంజిన్ ఆపేయండి. మెరిసే రాడ్డు మీద సుద్దతో గీత గీసి పది నిమిషాలు టీ తాగి రండి. గీత వేలెడు దూరం లోపలికి పోయిందంటే సీళ్లో వాల్వో పోయింది. ఇదే పరీక్ష గంటసేపు పని చేయించి ఆయిల్ వేడెక్కాక మళ్లీ చేస్తేనే అసలు జవాబు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా నిలిచినవి కూడా వేడెక్కాక దిగిపోతుంటాయి. ఆ పది నిమిషాలూ ఎవరినీ బకెట్ కింద నిలబడనివ్వకండి. హోస్ దగ్గర సన్నటి లీకు అనుమానమొస్తే చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, వేలు పోగొట్టుకునే ప్రమాదం అది.

నడిపి చూడటం

డీలర్ గ్రౌండులో ఖాళీ బకెట్‌తో తిప్పి ఇచ్చేయడం డెమో కాదు. మీ పొలానికే తీసుకురమ్మనండి, కుదరకపోతే మట్టి కుప్ప ఉన్న చోటికి వెళ్లండి. నిండు బకెట్‌తో పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పండి. నిండు బకెట్‌తో వెనక్కి నడపండి. నేలకి జానెడు ఎత్తులో బకెట్ ఉంచుకుని నిదానంగా వెళ్తూ బ్రేకు వేయండి, వెనక చక్రం ఒక్క క్షణం తేలికై కీచుమంటే వెనక బరువు చాలలేదన్నమాట. సీట్లో కూర్చుంటే బకెట్ అంచు కనిపిస్తోందా? చేతులు పైకి లేచాక అడ్డగొట్టం సరిగ్గా కళ్లకి అడ్డం వస్తోందా? రోజూ నడిపేది మీరు కాకుండా మీ అబ్బాయో డ్రైవరో అయితే వాళ్లనే కూర్చోబెట్టండి.

ఒరిగితే కాపాడే రోల్‌బార్, సీటు బెల్టు ఉన్న బండినే ఎంచుకోండి. లోడర్ బండి పక్కకి పడేది దాదాపు ఎప్పుడూ బకెట్ పైకెత్తి మలుపు తిప్పినప్పుడే. నడపడంలో కొత్తవాళ్లయితే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది, అక్కడ ట్రాక్టర్ వాడకం, మరమ్మతుల మీద రైతులకి శిక్షణ ఇస్తారు.

డబ్బు, కాగితాలు

పాత ట్రాక్టర్ ధరనీ కొత్తదాని డిస్కౌంటునీ కలిపి మాట్లాడనివ్వకండి. ముందు ఎక్స్‌ఛేంజ్ ఊసెత్తకుండా కొత్తదాని ఆన్‌రోడ్ ధర రాయించుకోండి, తర్వాత పాతదానికి ఎంతిస్తారో అడగండి, బయట అమ్మితే ఎంతొస్తుందో చూసుకోండి. బయట అమ్మితే ఎక్కువ రావచ్చు, కాకపోతే ఆర్సీ కొన్నవాడి పేరుకి మారేదాకా అది మీ నెత్తిమీదే ఉంటుంది. పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకోకుండా మార్పు జరిగేదాకా వెంటపడండి. పాత లోను తీరిపోయి ఉంటే ఫారం 35తో బ్యాంకు పేరు తీయించాలి. మీరు కొంటున్నది పాతదైతే ఇవన్నీ తిరగేసి అడగండి, వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా.

ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో ఆ 5 కనిపించాలి. లోడర్‌కి వేరే బిల్లు అడగండి, దాని పన్ను, దాని వారంటీ అందులో విడిగా ఉండాలి. బీమా పాలసీలో లోడర్ పేరూ విలువా రాయించకపోతే రేపు నష్టం జరిగినప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోరు. బండికి బిగించిన ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం చూడండి, నిరుటి స్టాకు అయితే ధరలో తగ్గించాలి. సబ్సిడీ వస్తుందన్న మాట మీద అడ్వాన్సు కట్టకండి, మంజూరు కాగితం మీ చేతికొచ్చాకే అది లెక్క.

బండి ఇంటికొచ్చాక

మొదటి పది గంటల పని అవ్వగానే లోడర్ ఫ్రేము బోల్టులన్నీ మళ్లీ బిగించండి. కొత్త బోల్టులు సర్దుకుని వదులవుతాయి, ఆ వదులులోనే రంధ్రాలు అరిగిపోతాయి. యాభై గంటలకి మళ్లీ ఒకసారి. పిన్నులకి పని చేసిన ప్రతి రోజూ గ్రీజు కొట్టాలి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. ముందు టైర్లలో గాలి టైరు మీద రాసిన గరిష్ఠానికి దగ్గరగా ఉంచండి. పని అయ్యాక బకెట్ నేలకి దించి, ఇంజిన్ ఆపి, లివర్ ఒకసారి అటూ ఇటూ ఆడించి ఒత్తిడి వదిలించి దిగండి. ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే ఈ అలవాటు డ్రైవర్‌కి మొదటి రోజు నుంచే చేయించాలి.